మాబున్ని రాసిన కంప్లయింటు

నేను ఒకప్పుడు కారును. ఇప్పుడు ఏమిటని అడిగితే నాకే సరిగ్గా తెలియదు. కర్నూలు బయట ఒక తుక్కు దొడ్డిలో, ముందు చక్రాలు లేకుండా, ముక్కు నేలకు ఆనించి పడి ఉన్నాను. నా పక్కన ఒక పాల వ్యాను, దాని నెత్తిన ఒక ఆటో. మనుషులు మమ్మల్ని కొన్న రోజున దండలు వేసి, నిమ్మకాయలు తొక్కించి, పక్కన నిలబడి ఫొటోలు తీయించుకుంటారు. వదిలించుకున్న రోజున ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. నాకు వాళ్ళ మీద కోపమేమీ లేదు. కోపం రావడానికి కూడా కాస్త పెట్రోలు ఉండాలి.

పుట్టింది మద్రాసు పక్కన ఒక ఫ్యాక్టరీలో. బూడిద రంగు, పొడుగు డిక్కీ, నేలకు దగ్గరగా ఉండే ఒళ్ళు. పదిహేను వందల సీసీ పెట్రోలు ఇంజను. గేర్లు వేలితో నెడితే పడేవి, మలుపులో స్టీరింగు చెప్పిన మాట వినేది. నడిపేవాడికి కాస్త సరదా ఉంటే చాలు, నేను వాడికి రెండింతలు సరదా తిరిగి ఇచ్చేదాన్ని. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ముక్కు నేలకు ఆనించుకుని గొప్పలు చెప్పుకునేవాళ్ళు ఎవరూ ఉండరు.

నన్ను మొదట కొన్నది కర్నూలులో పళ్ళ డాక్టరు సుధీంద్ర. కొత్తలో ఆదివారం పొద్దున్నే లేచి, పనేమీ లేకపోయినా ఓర్వకల్లు రాళ్ళ దాకా వెళ్ళి వచ్చేవాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి ఊళ్ళో ఎత్తు బళ్ళ పిచ్చి పట్టుకుంది. డాక్టరు ఎంత ఎత్తు బండి దిగితే అంత మంచి డాక్టరని పేషంట్లు అనుకుంటారని ఆయనకు ఎవరో చెప్పారు. నన్ను అమ్మి, ఎక్కడానికి మెట్టు ఉండే బండి ఒకటి కొన్నాడు. తర్వాత నన్ను కొన్న కాంట్రాక్టరు ఓబుళరెడ్డి మూడేళ్ళలో సీటు కవర్లు నాలుగుసార్లు మార్చాడు, ఇంజనాయిలు రెండుసార్లు. అద్దాలకు నల్ల కాగితం, ముందు ఒక జెండా. జెండా రంగు కూడా మధ్యలో ఒకసారి మారింది. ఆయన నన్ను తిట్టలేదు, కొట్టలేదు, అసలు నా వైపు చూడనే లేదు.

అక్కడి నుంచి సెకండ్‌హ్యాండు కార్ల దొడ్డి. అక్కడ నాకు చక్రాలకు నల్ల పాలిషు పూశారు, లోపల సెంటు సీసా వేలాడదీశారు, వచ్చినవాడికల్లా నన్ను ఒక లేడీ డాక్టరు నడిపిందని, అదీ ఆదివారాలు మాత్రమేనని చెప్పారు. ఓబుళరెడ్డి మీసాలు గుర్తుకొచ్చి నాకు నవ్వాగలేదు.

అలాంటి చోటికి ఒక పొద్దున మొదటి బస్సులో వచ్చాడు దస్తగిరి. సన్నటి మనిషి, తెల్ల చొక్కా, చేతిలో గుడ్డసంచి. రైలు ఇంజను డ్రైవరుగా ముప్పై నాలుగేళ్ళు చేసి అప్పుడే రిటైరయ్యాడు. ఇల్లు నంద్యాలలో. ఆయన నన్ను చూడలేదు, ముందు బానెట్టు మీద అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది. ఆయన వస్తున్నాడని తెలిసి, మొరాయించకుండా స్టార్టు కావాలని దొడ్డివాళ్ళు అప్పటికే ఒకసారి నన్ను వేడి చేసి పెట్టారు. దస్తగిరి ఒక్క మాట కూడా అడగకుండా వెనక్కి తిరిగి, బండి చల్లగా ఉన్నప్పుడు చూస్తానని చెప్పి తర్వాతి బస్సుకు వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు, ఈసారి చెప్పకుండా.

ఆ రోజు ఆయన నన్ను చూసిన చూపు ఏ పెళ్ళిచూపుల్లోనూ ఎవరూ చూసి ఉండరు. సంచిలోంచి గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసి ఒళ్ళంతా పట్టి పట్టి చూశాడు, ఎక్కడైనా సొట్ట పూడ్చి రంగు కొట్టారేమోనని. బానెట్టు బోల్టుల మీద స్పానరు పడిన గీతలున్నాయా అని టార్చి వేశాడు. ఆయిలు మూత విప్పి దాని అడుగున వేలితో రుద్ది చూశాడు. డిక్కీలో స్టెప్నీ ఎత్తి కింద నీళ్ళు నిలిచాయేమో తడిమాడు. చిన్న సుత్తితో నాలుగు చక్రాలనూ తట్టాడు. ఆఖరున ఇంజను స్టార్టు చేసి, చెక్కపిడి స్క్రూడ్రైవరు ఒకటి తీసి, దాని మొన నా మీద, పిడి తన చెవి వెనక ఎముక మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నాకు ఏడేళ్ళ వయసు. ఆ ఏడేళ్ళలో నన్ను విన్న మొదటి మనిషి ఆయన.

పక్కనే తళతళలాడే తెల్ల డీజిలు బండి ఉంది. దొడ్డివాడు దాన్నే అంటగట్టాలని చూశాడు. తిరిగేది తక్కువ కాబట్టి రిటైరైనవాడికి డీజిలు దండగని, అయినా ముప్పై నాలుగేళ్ళు మింగిన డీజిలు పొగ తనకు చాలునని దస్తగిరి అన్నాడు. తర్వాత నన్ను ఊళ్ళోకెల్లా గుంతల రోడ్డు ఏదో అడిగి మరీ దాని మీద నడిపాడు. తిరిగొచ్చి, చేతికందే ధరలో ఇంతకంటే నవ్వుతూ నడిచే బండి దొరకదని తేల్చేశాడు. ఇద్దరు మనుషులకు ఇంత పొడుగు బండి ఎందుకు, చిన్నది చాలదా అని దొడ్డివాడే అడిగాడు.

"ముప్పై నాలుగేండ్లు పట్టాలు యాడికి తిప్పితే ఆడికి పోయినా" అన్నాడు దస్తగిరి. "ఇంగ నేను తిప్పుతా."

అప్పుడు నాకు అర్థమైంది, ఈయనకు స్టీరింగు తిప్పడం రాదు. నాలుగు వేల టన్నుల గూడ్సు లాగిన మనిషి, అరవయ్యో ఏట నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. మొదటి రెండు నెలలు నా తల ప్రాణం తోకకొచ్చింది. ఎదురుగా గుంత కనబడితే మామూలు మనుషులు పక్కకు తిప్పుతారు. దస్తగిరి హారన్ కొట్టేవాడు. హారన్ కొట్టి, బ్రేకు మీద కాలు వేసి, తిన్నగా దాంట్లోకే దించేవాడు. పాపం, పట్టాల మీద ఎదురుపడినదాన్ని తప్పించుకుని పోవడమనేది ఆయన ఒంట్లోనే లేదు. మెల్లమెల్లగా చేతులకు తిప్పడం తెలిసింది. తెలిశాక మాత్రం ఆపలేకపోయాం. మహానంది రోడ్డులో అరటితోటల మధ్య మలుపుల కోసమే పొద్దున్నే బయల్దేరేవాడు. మలుపు తిరిగిన ప్రతిసారీ మూసిన పెదాల వెనక చిన్న నవ్వు. నేనూ నా వయసు మర్చిపోయి పరుగెత్తేదాన్ని. నా బతుకులో మంచి రోజులంటే అవే.

పక్క సీట్లో ఆయన భార్య మాబున్ని. బొద్దుగా, నింపాదిగా ఉంటుంది. ఐదో తరగతి చదువుకుంది. రైలింజనులో డ్రైవరు సిగ్నలు చూసి దాని రంగు పైకి చెప్పాలి, అసిస్టెంటు కూడా చూసి అదే తిరిగి చెప్పాలి, అది రూలు. దస్తగిరి ఆ రూలును నాలోకి కూడా తెచ్చాడు. ఆయన చెయ్యెత్తి "గ్రీన్" అంటే ఆమె చెయ్యెత్తి "గ్రీన్" అనాలి. నంద్యాలలో సిగ్నళ్ళు ఎన్ని ఉంటాయి గనక? కాబట్టి గేదె కనబడి ఆయన "ఎడం పక్క ఎనుము" అంటే ఆమె "ఎడం పక్క ఎనుము" అనేది. వీధిలో పిల్లలు నా వెనక పరుగెత్తుతూ అదే కూత కూసేవాళ్ళు. మాబున్ని మాత్రం నవ్వకుండా, చెయ్యి సగం కాకుండా నిండుగా ఎత్తేది. కదిలిన ఇరవై గజాల్లో ఒకసారి బ్రేకు నొక్కి చూడటం ఇంకో రూలు. రైలు బయల్దేరగానే అలా చూస్తారట. బ్రేకు పట్టిందనిపిస్తే తలూపి, అప్పుడు రెండో గేరు వేసేవాడు.

నన్ను ఏ మెకానిక్కు చేతిలోనూ పెట్టలేదు. ఇంటిముందు జాగాలో, రైలింజన్లు బాగుచేసే షెడ్డులో ఉన్నట్టే, మనిషి దిగి నిలబడేంత గొయ్యి తవ్వించి రాళ్ళు కట్టించాడు. ఊరిలో దానికి ఎన్ని పేర్లు పెట్టారో చెప్పలేను. ఆయిలు, ఫిల్టరు, ప్లగ్గులు, కూలెంటు, బెల్టు, బ్రేకు ప్యాడ్లు, ఏదైనా ఆయన చేతిమీదే జరగాలి. ప్రతిదానికీ లాగ్‌బుక్కు. డ్యాషుబోర్డు అరలో ఉండేది. ఎడమ పేజీ డ్రైవరుది, కుడి పేజీ బాగుచేసే ఫిట్టరుది, ఇద్దరూ ఆయనే. సాయంత్రం డ్రైవరుగా కూర్చుని "మూడో గేరులో కొంచెం వణుకు" అని రాసేవాడు. పొద్దున ఫిట్టరుగా దిగి "చూశాను, ఏమీ లేదు, డ్రైవరు క్లచ్చు సరిగా తొక్కాలి" అని రాసేవాడు. మర్నాడు ఎడమ పేజీలో "ఫిట్టరు సరిగా చూడలేదు" అని మళ్ళీ పడేది. తనతో తాను ఇంత మర్యాదగా పోట్లాడుకున్న మనిషిని నేను చూడలేదు. ఆ పుస్తకానికి ఒకటే చట్టం. రాసిన కంప్లయింటు పక్కన ఫిట్టరు సంతకం పడనిదే బండి కదలకూడదు. దాన్ని ఆయన ఒక్కసారి కూడా దాటలేదు.

ఆయనకు ఊళ్ళో పేరు తెచ్చింది మాత్రం చెవి. ఎదురింటి సుంకన్న మోపెడ్డు దగ్గర నుంచి మిల్లు మోటారు దాకా, ఏది మొరాయించినా జనం దస్తగిరిని పిలిచేవాళ్ళు. స్క్రూడ్రైవరు ఆనించి, కళ్ళు మూసి, జబ్బు చెప్పేవాడు. తప్పింది లేదు. అయితే ఒక సంగతి, ఆయన ఇంటికి వచ్చిన మూడో ఏడు నుంచి నాకు తెలుస్తూ వచ్చింది. ఎముక గుండా వచ్చే లోతైన ధ్వనులు ఆయనకు అందుతున్నాయి. గాలిలో వచ్చే సన్నటి ధ్వనులు అందడం లేదు. ముప్పై నాలుగేళ్ళు నెత్తిమీద ఇంజను కూత మోసిన చెవులు మరి. ఇంట్లో కుక్కరు కూత వేస్తుంటే పక్కనే పేపరు చదువుకునేవాడు. ఈ కాలం మనుషులు నోట్లో నోట్లో మాట్లాడుతున్నారని విసుక్కునేవాడు. చెవులు చూపించుకోమని మాబున్ని ఒకసారి అన్నందుకు రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు.

ఇక నా అరుపు సంగతి. బ్రేకు ప్యాడుకు ఒక చిన్న రేకు నాలుక ఉంటుంది. ప్యాడు అరిగిపోతే ఆ రేకు తిరిగే డిస్కుకు తగిలి కీచుమంటుంది. దాని బతుక్కు అదొక్కటే పని. రంజాను నెల ముందు ఒక పొద్దున నా ముందు ఎడమ చక్రం కీచుమంది. ఆ రోజంతా అరిచాను, మర్నాడూ అరిచాను. దస్తగిరి ఇరవై గజాల్లో బ్రేకు నొక్కాడు, పట్టింది, తలూపాడు. అవును, పడుతుంది, ప్యాడు పూర్తిగా చచ్చేదాకా బ్రేకు పడుతూనే ఉంటుంది. చక్రం సందులోంచి టార్చి వేసి చూస్తే బయటి ప్యాడు నిండుగా కనబడేది. అరిగింది లోపలిది. నేను అరిచి గీపెట్టుకున్నా ఆయన తాపీగా మలుపులు తిరుగుతూ ఇంజను ఎంత నున్నగా ఉందో ఆమెకు చెప్పేవాడు.

వీధి అంతా విన్నది. సుంకన్న చెవిలో వేలు పెట్టుకుని అరుగు మీది నుంచి లేచిపోయేవాడు. ఎవరూ చెప్పలేదు. ఊరందరికీ జబ్బు చెప్పేవాడి దగ్గరకు పోయి నీ బండి అరుస్తోందని ఎవరు చెబుతారు? ఎగతాళి అనుకుంటాడని ఒకరికి భయం, బాధపడతాడని ఒకరికి జాలి. మనుషుల మర్యాద ఇట్లాగే ఉంటుంది. మాబున్ని కూడా విన్నది. నేను కీచుమన్నప్పుడల్లా ఆమె చెయ్యి చీర కుచ్చిళ్ళ మీద బిగుసుకునేది. నోరు తెరిచి, మళ్ళీ మూసుకునేది. అట్లా నాలుగు నెలలు. నాకు అరిచీ అరిచీ విసుగొచ్చింది. ఒక్కోసారి ఈ రేకు విరిగిపడిపోతే బాగుండుననిపించేది.

అప్పుడు వచ్చింది గిద్దలూరు ప్రయాణం. మాబున్ని చెల్లెలి కూతురి నిఖా. నంద్యాల నుంచి గిద్దలూరుకు నల్లమల ఘాటు ఎక్కి దిగాలి. దస్తగిరికి పండగే. రైలులో ఆ అడవి దారి వందలసార్లు వెళ్ళాడు గానీ, ఒక్క మలుపు కూడా తన చేత్తో తిప్పింది కాదు. తెల్లారేసరికి నన్ను కడిగి, కొత్త లుంగీ మూట, అత్తరు, చీరల పెట్టె డిక్కీలో సర్దాడు. గాజులపల్లె దాటాక ఎక్కుడు మొదలైంది. ఆయన రెండో గేరు, మూడో గేరు వేస్తూ, మలుపు మలుపుకూ కొత్త పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నాడు. మధ్యలో చిన్న దిగుడు వచ్చి బ్రేకు నొక్కినప్పుడు నా గొంతు మారింది. కీచు పోయి కరకర వచ్చింది. రేకు కూడా అయిపోయి ఇనుము ఇనుముకు రాసుకుంటోంది. ఆయనకు అదీ వినబడలేదు, రేడియో పెట్టడానికి చెయ్యి పోనిచ్చాడు.

ఎక్కుడు ముగిసే చోట ఒక టీ కొట్టు ఉంది. అక్కడ ఆపాడు. టీ తాగుతూ, ఇక్కడి నుంచి అంతా దిగుడేనని, గూడ్సు బండిలో ఈ దిగుడు దిగేటప్పుడు బ్రేకు మీద నమ్మకం లేని డ్రైవరు ముద్ద మింగలేడని మాబున్నికి చెప్పాడు. ఆమె చేతిలో గ్లాసు అట్లాగే ఉండిపోయింది. ఆయన ముఖం కడుక్కోవడానికి కొట్టు వెనక్కి వెళ్ళాడు.

ఆమె వచ్చి నా తలుపు తీసి కూర్చుంది. అర తెరిచింది. లాగ్‌బుక్కు తీసి, దానికి దారంతో కట్టిన పెన్ను పట్టుకుంది. ఎడమ పేజీలో, డ్రైవరు రాయాల్సిన చోట, అక్షరం అక్షరం కూడబలుక్కుని ఒక్క లైను రాసింది. రాసి, పుస్తకం ఆయన సీటు మీద తెరిచి పెట్టి, తన సీట్లో నిటారుగా కూర్చుంది. పెళ్ళికి కట్టుకున్న పట్టుచీర మీద చెమట చుక్కలు పడ్డాయి.

దస్తగిరి ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. ప్రతి మజిలీలో బయల్దేరే టైము రాయడం ఆయన అలవాటు. పుస్తకం తీసుకుని, కళ్ళకు దూరంగా పెట్టుకుని చదివాడు.

"ముందు ఎడం చక్రం నాలుగు నెల్ల నుంచి అరుస్తాంది. నీకు ఇనపడ్లే."

ఆయన ఆ లైను మళ్ళీ చదివాడు. ఆమె వైపు చూడలేదు. నేను అనుకున్నాను, పుస్తకం విసిరేస్తాడు, స్టార్టు చేస్తాడు, దిగుతాడు, అంతటితో ముగ్గురి పని అయిపోతుంది. ముక్కు మీద కోపమున్న మనిషి. పైగా ఇన్నాళ్ళూ అన్నీ తన చెవితోనే తేల్చిన మనిషి. కానీ అది లాగ్‌బుక్కు. ఎడమ పేజీలో కంప్లయింటు ఉంది. కుడి పేజీ ఖాళీగా ఉంది.

దిగి డిక్కీ తెరిచాడు. కొత్త లుంగీ మూట పక్కన పెట్టి జాకీ తీశాడు. వెనక చక్రాలకు చెక్కదిమ్మలు పెట్టాడు. ముందు ఎడమ చక్రం విప్పి, ప్యాడ్లను నొక్కే బ్రేకు పట్టు ఊడదీసి చూశాడు. లోపలి ప్యాడు ఉండాల్సిన చోట మెరిసే ఇనుప పలక. దాన్ని పట్టి ఉంచే పిన్ను బిగుసుకుపోయింది, ఎంత లాగినా జరగదు. పిన్ను చుట్టూ నల్లగా గట్టిపడిన గ్రీజు, ఉబ్బిన రబ్బరు. అది ఏ గ్రీజో నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. రిటైరైన రోజు షెడ్డు ఫిట్టర్లు దండతో పాటు కానుకగా ఇచ్చిన డబ్బాలోది. రైలింజను బేరింగులకు పెట్టే గ్రీజు. దానికి మించిన గ్రీజు లోకంలో లేదని ఆయన నాకు తలుపు కీళ్ళ నుంచి బ్రేకు పిన్నుల దాకా అన్నింటికీ అదే పూశాడు. రబ్బరున్న చోట అది పనికిరాదని షెడ్డులో ఆయనకు ఎవరూ చెప్పలేదు, అక్కడ అవసరం రాలేదు.

ఆయన ఆ పలక చేతిలో పట్టుకుని రోడ్డు పక్కన మట్టిలోనే కూర్చున్నాడు. మాబున్ని దిగి వచ్చి పక్కన నిలబడింది.

"ఈదిలో అందరికీ తెలుసునా?" అన్నాడు.

"తెలుసు."

"మరి ఏంటికి చెప్పలే?"

"చెప్పలేకపోతి" అంది ఆమె. "పోయినసారి చెవుల మాటంటే రెండు దినాలు అన్నం తిన్లే నువ్వు. నోటితో చెప్తే కొట్లాటయితాది. బుక్కులో రాస్తే నువ్వు చూడాల కదా."

దస్తగిరి పలకను బొటనవేలితో రుద్దుతూ ఉన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుంటే గ్రీజు అంటుకుంది. నిజం చెబుతున్నాను, ఆ నిమిషంలో నా నాలుగు నెలల విసుగూ పోయింది. నా బాధ ఒక రేకు ముక్కది. ఆయనది అట్లా విప్పి మార్చగలిగేది కాదు.

కొత్త ప్యాడ్లు డిక్కీలోనే ఉన్నాయి, కాగితం కూడా విప్పకుండా. ఆయన అన్నీ ముందే కొని పెట్టుకునే మనిషి. టీ కొట్టావిడ ఇచ్చిన పాతగుడ్డ పెట్రోలులో ముంచి, పిన్ను మీది గ్రీజు గీకి గీకి తీశాడు. గంట పట్టింది. అటువైపు నిఖా మొదలై ఉంటుందని మాబున్నికి తెలుసు, తొందర పెట్టలేదు. చక్రం బిగించి, టీ కొట్టు ముందున్న చదును నేల మీద నన్ను ముందుకూ వెనక్కూ నడిపాడు. ఆమెను కింద నిలబెట్టి, అద్దం దించి ఆమె ముఖం వైపే చూశాడు. అరుస్తోందా అని అడగలేదు. ఆమె చెవి ఒగ్గి విని, చెయ్యి నిండుగా ఎత్తింది.

"గ్రీన్."

"గ్రీన్" అన్నాడు ఆయన.

తర్వాత కుడి పేజీలో రాశాడు. ప్యాడ్లు మార్చబడినవి. పిన్ను బిగుసుకొనుట ఫిట్టరు తప్పు. శబ్దం వినకపోవుట డ్రైవరు తప్పు. రబ్బర్లు నంద్యాలలో మార్చవలెను. కింద రెండు సంతకాలు చేశాడు. మూడో లైను గీసి పెన్ను ఆమెకిచ్చాడు. ఆమె అక్కడ తన పేరు రాసింది. గిద్దలూరు చేరేసరికి వడ్డనలు కూడా అయిపోయాయి. మిగిలిన బిర్యానీ ముందు దస్తగిరి గ్రీజు చేతులతో కూర్చుంటే చుట్టాలు నవ్వారు. ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు.

అప్పటి నుంచి మా నడక మారింది. ఆయన కంటికి కనబడింది ఆయన చెప్పేవాడు, ఆమె చెవికి వినబడింది ఆమె చెప్పేది. "ఎడం పక్క ఎనుము" అని ఆయన, "యెనక లారీ హారన్" అని ఆమె. ఒకరు అన్నది ఇంకొకరు తిరిగి అనాలి. కర్నూలులో చెవుల డాక్టరు ఒక మిషను ఇచ్చాడు. అది పెట్టుకుంటే కాకి కూడా ఇంజనులా కూస్తోందని శుక్రవారం మసీదుకు మాత్రమే పెట్టుకునేవాడు. ఇరుగుపొరుగు మోటార్లు అప్పటికీ వచ్చేవి. స్క్రూడ్రైవరు ఆనించి ఆయన ఒక మాట చెప్పి, ఆగి, మాబున్నిని పిలిచేవాడు. అందులో చిన్నతనమేమీ లేనట్టే పిలిచేవాడు.

అట్లా ఇంకో ఆరేళ్ళు. నా వయసు పదిహేను దాటి పదహారులో పడింది. రిజిస్ట్రేషను మళ్ళీ చేయించాలంటే ఒళ్ళు చూపించాలి. ఇంజను బాగుంది, బ్రేకులు బాగున్నాయి, నేల రేకు మాత్రం తుప్పు పట్టి కాళ్ళ కింద రోడ్డు కనబడుతోంది. ఓబుళరెడ్డి నన్ను ఆరుబయట వదిలేసిన నాటి వానలు, ఎవరినని ఏం లాభం. పనికిరాదన్నారు. దస్తగిరికి అప్పటికి మోకాళ్ళు పట్టేశాయి, గోతిలోకి దిగితే ఎక్కడానికి మాబున్ని చెయ్యి కావాలి. ఇద్దరూ మాట్లాడుకుని తుక్కుకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా సరేననేదాన్ని, అంతగా అలిసిపోయాను.

ఆఖరి పొద్దున నన్ను కడిగాడు. లాగ్‌బుక్కు తీసి డ్రైవరు పేజీలో "కంప్లయింటు ఏమీ లేదు" అని రాసి లోపలికి వెళ్ళాడు. తుక్కు లారీ వచ్చి గేటు ముందు ఆగింది. లారీ డ్రైవరు గొలుసు దించుతున్నాడు. దస్తగిరి పుస్తకం తీసుకుపోవడానికి వచ్చి, తెరిచి, ఆగిపోయాడు. తన లైను కింద ఇంకో చేతిరాత.

"అబద్ధం. పొద్దున స్టార్టు చేస్తే బెల్టు కీచుమనింది."

దస్తగిరి మాబున్ని వైపు చూశాడు. ఆమె గుమ్మంలో నిలబడి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. లారీ డ్రైవరు తొందరపడ్డాడు.

"ఆగప్పా" అన్నాడు దస్తగిరి. "సంతకం కాలే."

తుక్కుకు పోయే బండికి సంతకమేమిటని లారీ డ్రైవరు నవ్వాడు. దస్తగిరి బానెట్టు ఎత్తి, స్పానరు తెచ్చుకుని, బోల్టు వదులు చేసి, బెల్టు లాగి పట్టుకుని బిగించాడు. మోకాళ్ళ నొప్పికి మధ్యలో రెండుసార్లు ఆగాడు. స్టార్టు చేశాడు.

"ఇప్పుడు?"

ఆమె దగ్గరకు వచ్చి, నా బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, తల వంచి విన్నది. "ఇప్పుడు లే" అంది. ఆయన సంతకం పెట్టాడు. నన్ను గొలుసుతో లారీ మీదికి లాగారు. లారీ కదిలినప్పుడు ఆయన చెయ్యెత్తి గ్రీన్ అన్నాడు, ఆమె చెయ్యెత్తి గ్రీన్ అంది.

ఇక్కడికి వచ్చి ఇరవై రోజులు. ముందు చక్రాలు తీసుకుపోయారు. రేపు ఇంజను తీస్తారట. నిన్న ఇద్దరు పనివాళ్ళు వచ్చి బానెట్టు ఎత్తారు. ఒకడు బెల్టు మీద బొటనవేలు పెట్టి నొక్కి, ఇది మొన్ననే బిగించినట్టుందే, తుక్కుకు వచ్చే బండికి బెల్టు బిగించినవాడెవడబ్బా అని రెండోవాడిని అడిగాడు. రెండోవాడికి తెలియదు. నాకు చెప్పాలనిపించింది. కీచుమందామంటే బెల్టు గట్టిగా బిగించి ఉంది.